సేవ మానేయాలా అని అడిగిన తమ్ముడికి

"ఐదేళ్లుగా ఒక మండల కేంద్రంలో స్వతంత్ర క్రైస్తవ సంఘాన్ని (ఏ పెద్ద చర్చి సంస్థ కిందా లేనిది) నడుపుతున్నాను. అరవై కుటుంబాలు ఉన్నాయి. ఈమధ్య వాక్యం చెప్పడానికి నిలబడితే నోరు పెగలడం లేదు. ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. మందిరం కోసం చేసిన అప్పు నా పేరు మీదే ఉంది. సంఘం రెండు వర్గాలైంది. ఇది నా విశ్వాస లోపమా? సేవ మానేసి వేరే పని చూసుకోవాలా?" అని ఒక యువ పాస్టర్ అడిగారు. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో చాలా కాలంగా పరిచర్యలో ఉన్నవాడిగా, మీలాంటి యువ సేవకులతో కూర్చుని మాట్లాడుతూ ఉండేవాడిగా నాకు తెలిసింది చెబుతాను.

తమ్ముడూ, వందనాలు. ముందు మీ మొదటి ప్రశ్న. ఇది విశ్వాస లోపం కాదు. బైబిల్లో కర్మెలు కొండ మీద అంత గొప్ప కార్యం చూసిన ఏలీయా ప్రవక్త ఆ వెంటనే అరణ్యంలోకి వెళ్లి, బదరీ చెట్టు కింద కూర్చుని చావు కోరుకున్నాడు. అప్పుడు దేవుడు ఆయన్ను గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, దూత చేత రొట్టె, నీళ్లు పెట్టించాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. హోరేబు కొండ దగ్గర మాట్లాడింది ఆ తర్వాతే. ఈ భాగం మీద మనం ప్రసంగాలు చేస్తాం కానీ మన ఒంటికి దాన్ని వర్తింపజేసుకోం. అందుకే సేవ మానేయాలా వద్దా అన్న నిర్ణయం ఇప్పుడు తీసుకోకండి. ఒళ్లు, మనసు ఇంత అలసిపోయి ఉన్నప్పుడు మానేయడం ఒక్కటే దారిలా కనిపిస్తుంది.

చనిపోతే బాగుండు అన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగకుండా డాక్టర్‌ను కలవండి. నిద్ర పట్టకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, వీటిలో ఏదైనా రెండు వారాలు దాటి ఉన్నా డాక్టర్‌ను కలవండి. టెలి మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత ఫోన్ సేవ ఉంది. 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. బీపీకి మాత్ర వేసుకునే పాస్టర్‌ను ఎవరూ తప్పుపట్టరు. మనసుకు వైద్యం చేయించుకోవడంలోనూ తప్పు లేదు. నేను ఈ మాట పాస్టర్ల కూడికల్లో బహిరంగంగానే చెబుతుంటాను. చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు కూడిక అయ్యాక పక్కకు వచ్చి ఆ నంబర్ రాసుకుంటారు.

ఇక అసలు విషయానికి వస్తాను. అలసట, ఇంట్లో మౌనం, అప్పు, వర్గాలు అని మీరు నాలుగు సమస్యలు రాశారు. నాకు మాత్రం నాలుగింటికీ మూలం ఒకటే కనిపిస్తోంది. సంఘంలోని డబ్బు, స్థలం, తీర్పు, రహస్యం అన్నీ మీ ఒక్కరి చేతిలో ఉన్నాయి. మీరు లాక్కున్నారని అనడం లేదు. స్వతంత్ర సంఘాలన్నీ దాదాపు ఇలాగే మొదలవుతాయి. ఒక సేవకుడు ఊరికి వస్తాడు, నాలుగు ఇళ్లలో ప్రార్థన పెడతాడు, తాటాకుల పాక వేస్తాడు. కానుకల పెట్టె, తాళం చెవి, దస్తావేజు, మైకు అన్నీ ఆయన దగ్గరే ఉంటాయి, ఎందుకంటే అప్పుడు ఇంకెవరూ లేరు. సంఘం అరవై కుటుంబాలయ్యాక కూడా ఏర్పాటు మాత్రం నాలుగు ఇళ్లనాటిదే కొనసాగుతుంది.

మన ఊళ్లలో పాస్టర్ పని వాక్యం చెప్పడంతో ఆగదని మీకు తెలుసు. పెద్దాసుపత్రిలో బెడ్ దొరక్కపోతే మీకే ఫోన్. మగవాడు తాగి వచ్చి భార్యను కొడితే మీకే ఫోన్. పెళ్లి సంబంధం, కట్నం దగ్గర పేచీ, ఇంటి శంకుస్థాపన, పోలీస్ స్టేషన్‌లో పంచాయితీ, అర్ధరాత్రి చావు కబురు, తెల్లారి భూస్థాపన, మూడో రోజు ఆదరణ కూడిక. శుక్రవారం ఉపవాస ప్రార్థన, నెలకోసారి ఆల్‌నైట్ ప్రార్థన, డిసెంబర్ వచ్చిందంటే సెమీ క్రిస్మస్‌లతో ఒక్క సాయంత్రం కూడా ఖాళీ ఉండదు. వీటిలో ఏదీ అనవసరం కాదు. కానీ వీటన్నిటికీ మీరే వెళ్లాలన్న నియమం ఎక్కడిది? మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని తీర్పులు చెబుతుంటే మామ యిత్రో చూసి "నీవు చేయుచున్న పని మంచిది కాదు" అన్నాడు. నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారు అన్నాడు. జనం నలిగిపోవడం అన్న మాట గమనించండి. మీరు రాలేదని ఎదురుచూసి అలిగిన కుటుంబం, రెండు వారాలకు మీరు వెళ్లినా సరిగ్గా మాట్లాడని కుటుంబం మీ సంఘంలో తప్పకుండా ఉంటుంది.

నేను చెప్పేది ఒకటి చేయండి. మీ సంఘంలో ఓర్పుగా వినే మనుషులు నలుగురైదుగురు ఉంటారు. రిటైరైన టీచరో, ఆశా వర్కరో, పెద్దావిడ ఎవరో. వాళ్లను ఇద్దరిద్దరుగా ఆసుపత్రి సందర్శనకు, కుటుంబ ప్రార్థనలకు పంపండి. మొదట్లో "అయ్యగారు రాలేదే" అంటారు. మీరు ఆదివారం అందరి ముందు వాళ్ల తల మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేసి పంపితే ఆ మాట కొన్ని నెలల్లో తగ్గుతుంది. సోమవారం మీ ఫోన్ ఇంకొకరి దగ్గర ఉండాలి. ఆ రోజు చావు తప్ప మరే కారణానికీ మిమ్మల్ని పిలవకూడదని సంఘంతో ముందే చెప్పండి.

డబ్బు గురించి కొంచెం ఎక్కువే రాస్తాను. పాస్టర్లను ఎక్కువగా దెబ్బతీసేది ఇదే. దీని గురించి బయటకు మాట్లాడేది మాత్రం చాలా తక్కువ.

సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), లూథరన్, బాప్టిస్టు వంటి పాత సంఘాల్లో ఎక్కువ చోట్ల జీతానికి, బదిలీకి ఏదో ఒక పద్ధతి ఉంటుంది. స్వతంత్ర సంఘంలో మీ ఇంటి ఖర్చుకూ సంఘం ఖర్చుకూ మధ్య గోడ ఉండదు. కానుక ఎక్కువ వచ్చిన నెల మందిరానికి సిమెంటు, తక్కువ వచ్చిన నెల ఇంట్లో పాల బిల్లు బాకీ. ఇది మార్చండి. నెలకు ఇంత అని జీతం రాసుకోండి, ఎంత చిన్న మొత్తమైనా సరే. దాన్ని మీరు నిర్ణయించకండి, పెద్దలు నిర్ణయించాలి. కానుకల పెట్టె ఆరాధన అయిన వెంటనే, బంధుత్వం లేని ఇద్దరు లెక్కపెట్టాలి. పుస్తకంలో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. బ్యాంకు ఖాతా సంఘం పేరున, ఇద్దరి సంతకాలతో ఉండాలి. నెలాఖరుకు జమ, ఖర్చు ఒక కాగితం మీద రాసి మందిరం గోడకు అంటించండి. పౌలు యెరూషలేము పరిశుద్ధులకు చందా పంపేటప్పుడు తన ఒక్కడి చేతిలో పెట్టుకోలేదు. సంఘాలు ఎన్నుకున్నవాళ్లను వెంట పంపాడు, ఎవరూ మా మీద తప్పు మోపకూడదని అన్నాడు. అంతటివాడికే ఆ జాగ్రత్త అవసరమైంది.

దీనికి సంఘం సొసైటీగా రిజిస్టర్ అయి ఉండాలి. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులతో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర చేయించుకోవచ్చు. ఆ ఏడుగురూ మీరు, మీ భార్య, మీ తమ్ముడు, మీ బావమరిది లాంటి ఇంటివాళ్లే అయితే కాగితం మారుతుంది గానీ భారం మారదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం అర్హులైన పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఇస్తోంది. దానికి కూడా సంఘం రిజిస్ట్రేషన్ కాగితాలు అడుగుతారు. అయితే నెలలు బకాయిపడి ఒకేసారి విడుదలైన సందర్భాలున్నాయి కాబట్టి దాని మీద ఇంటి అద్దె లెక్క వేసుకోవద్దు.

విదేశీ డబ్బు విషయంలో చాలా జాగ్రత్త. అమెరికా బ్రదర్ ఎవరో మందిరం కట్టుకోమని మీ సొంత ఖాతాకు డబ్బు పంపుతానంటే వద్దని చెప్పండి. మత సంబంధమైన పనికి విదేశీ విరాళం తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాకే రావాలి. ఒక సంస్థ తీసుకున్న విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు పంచిపెట్టడం కూడా కుదరదు. అందుకే "మా ట్రస్టు ద్వారా మీకు ఇప్పిస్తాం" అనేవాళ్ల మాట నమ్మకండి. దుబాయ్‌లోనో కువైట్‌లోనో పనిచేసే మన ఊరి విశ్వాసి సంగతి వేరు. భారత పాస్‌పోర్టుతో ఉండి, తన కష్టార్జితాన్ని బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకు రాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుంటే వస్తుంది. ఈ తేడా తెలియక మంచి సేవకులు నోటీసులు అందుకుని నిద్ర పోగొట్టుకున్నారు.

ఇప్పుడు మీ అప్పు. మందిరం స్లాబు కోసం ఫైనాన్స్ కంపెనీ దగ్గర పాస్టర్ సంతకం పెట్టడం, భార్య బంగారం తాకట్టు పెట్టడం మన సంఘాల్లో ఎంత మామూలైపోయిందంటే, అదే విశ్వాసానికి గుర్తు అన్నట్టు సాక్ష్యాలు చెబుతున్నారు. నాకు ఈ పద్ధతి మీద గట్టి అభ్యంతరం ఉంది. మందిరం సంఘానిది, అప్పూ సంఘానిది కావాలి. మిగిలిన అసలు ఎంత, వడ్డీ ఎంత, ఎవరికి అని ఒక కాగితం మీద రాసి పెద్దల ముందు పెట్టండి. సంఘం దాన్ని తన అప్పుగా ఒప్పుకుని పుస్తకంలో రాసుకోవాలి. అది తీరేదాకా సౌండ్ సిస్టమ్, ఏసీ, కొత్త కుర్చీలు, పెద్ద సభలు ఏవీ వద్దు. స్లాబు సగంలో ఆగినా పర్వాలేదు. రేకుల కింద ఆరాధన జరగదా? చెల్లెమ్మ (మీ భార్య) బంగారం ఏదైనా తాకట్టులో ఉంటే అది మొదట విడిపించండి.

స్థలం దస్తావేజు ఎవరి పేరున ఉందో మీరు రాయలేదు. దాత నోటిమాటగా ఇచ్చి ఉంటే, ఆయన బతికుండగానే దాన సెటిల్‌మెంట్ రిజిస్టర్ చేయించండి. ఆయన కొడుకులు ఆ మాట మీద నిలబడతారన్న హామీ లేదు. మీ పేరున ఉంటే సొసైటీ పేరుకు మార్చండి. సంఘాలు కోర్టుకెక్కిన గొడవల్లో నేను చూసినవి చాలావరకు సిద్ధాంతం మీద కాదు, సర్వే నంబర్ మీద మొదలైనవే.

వేరే పని చూసుకోవాలా అని కూడా అడిగారు. పాస్టర్‌గా ఉంటూనే వేరే పని చేయవచ్చు. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టాడు. సువార్త ప్రకటించేవాడు సువార్త వల్ల బతకవచ్చని కూడా ఆయనే రాశాడు. రెండూ గౌరవమైన దారులే. ట్యూషన్లు చెప్పే పాస్టర్, ఎలక్ట్రికల్ పని చేసే పాస్టర్ నాకు తెలుసు. వాళ్లను "పూర్తికాల సేవకుడు కాదు" అని తక్కువగా చూసేవాళ్ల మాట పట్టించుకోవద్దు. మీకు ముప్పై దాటి ఉంటుందని అనుకుంటున్నాను. అటల్ పెన్షన్ యోజనలో 40 ఏళ్ల లోపువాళ్లే చేరగలరు. సేవకులకు రిటైర్మెంట్ ఉండదని గొప్పగా అంటాం గానీ, మోకాళ్లు పోయిన పెద్ద పాస్టర్లు మందుల కోసం చేయి చాచాల్సి రావడం చూడలేని బాధ. కాబట్టి ఇప్పుడే చేరండి.

చెల్లెమ్మ గురించి. మీ ఉత్తరంలో ఆమె గురించి ఒకే వాక్యం ఉంది. పాస్టర్ భార్యను సంఘం అంతా "అమ్మగారు" అంటుంది, కానీ ఆమెకు తన బాధ చెప్పుకోవడానికి ఒక్క అమ్మ ఉండదు. సంఘంలో ఎవరితో స్నేహంగా ఉన్నా పక్షపాతం అంటారు. చీర బాగుంటే ఒక మాట, పాతదైతే ఒక మాట. వేళ కాని వేళ వచ్చిన వాళ్లందరికీ టీ పెట్టాలి, సండే స్కూల్ చెప్పాలి, స్త్రీల కూడిక నడపాలి, వీటిలో దేనికీ జీతం లేదు. ఇక మీ దగ్గర మిగిలిన మాటలన్నీ మీరు సంఘంలోనే ఖర్చుచేసి ఇంటికి వస్తున్నారు. వారంలో ఒక సాయంత్రం ఆమెది. ఆ రోజు సంఘం సంగతులు ఇంట్లో ఎత్తకండి. ఆమెకు ఇష్టం లేని పరిచర్య ఏదైనా ఉంటే దాన్నుంచి విడిపించండి, ఆ మాట ఆమె చేత చెప్పించకుండా మీరే సంఘంతో చెప్పండి. పిల్లల్ని ప్రసంగంలో ఉదాహరణలుగా వాడకండి. పాస్టర్ పిల్లలు చర్చికి దూరమవడానికి నాకు కనిపించిన కారణాల్లో అది ఒకటి. నాన్న అందరికీ ఓపికగా సమాధానం చెప్పి తమ మీద మాత్రం విసుక్కుంటాడన్నది ఇంకొకటి.

సంఘంలో వర్గాలు ఎందుకయ్యాయో మీరు రాయలేదు. పైకి క్వైర్ దగ్గరో, క్రిస్మస్ కమిటీ దగ్గరో మొదలైందని చెబుతారు. లోపల పార్టీ రాజకీయం ఉందా, రెండు బంధువర్గాల పాత పగ ఉందా, కులం ఉందా చూడండి. కులం గురించి మనం చర్చిలో మాట్లాడటానికి వెనకాడతాం. కానీ మన చరిత్రలోనే అది ఉంది. 1876-78 కరువు తర్వాత ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కాలంలో, 1878 జూలైలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో అత్యధికులు మాదిగలు. గుంటూరు లూథరన్ మిషన్‌లో మాలలు ఎక్కువ. మిషన్లు వేరు, పల్లెలు వేరు కావడంతో సంఘాలు కూడా కులాలవారీగా పెరిగాయి. ఇప్పుడు పట్టణాల్లో ఒకే మందిరంలో కూర్చుంటున్నారు, పెళ్లి సంబంధం దగ్గర మాత్రం విడిపోతున్నారు. ఎస్సీలను ఉపవర్గాలుగా విభజించవచ్చన్న 2024 సుప్రీంకోర్టు తీర్పు, ఆ తర్వాత రెండు రాష్ట్రాల్లో ఎస్సీ వర్గీకరణ వచ్చాక ఆ వాదనలు సంఘాల వాట్సాప్ గ్రూపుల్లోకి కూడా వచ్చాయి. అక్కడ మీరు ఒక పక్షం తీసుకుంటే రెండో పక్షానికి ఇక కాపరి ఉండడు.

కుల సర్టిఫికెట్ల భయం ఇంకోటి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, 1956 నుంచి సిక్కులు, 1990 నుంచి బౌద్ధులు తప్ప వేరే మతస్తులు ఎస్సీలుగా గుర్తింపు పొందలేరు. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లు మన దగ్గర బీసీ-సీ (వెనుకబడిన తరగతుల్లో ఒక గ్రూపు) కిందకు వస్తారు. క్రైస్తవంలోకి మారి పాస్టర్‌గా ఉన్న వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద రక్షణ కోరలేడని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పాక చాలా ఇళ్లలో ఈ టెన్షన్ పెరిగింది. తల్లిదండ్రులు పిల్లల చదువు గురించి వచ్చి అడుగుతారు. వాళ్లకు ధైర్యం పేరుతో అబద్ధం చెప్పకండి, బాప్తిస్మం తీసుకోలేదని మందలించకండి. చట్టం ఏముందో ఉన్నట్టు చెప్పి, లాయర్ దగ్గరకు పంపండి. పేదవాడి ముందు ఇంత కష్టమైన ఎంపిక పెట్టింది ఆయన బలహీనత కాదు, ఆ ఉత్తర్వు.

వర్గాల దగ్గర చేయాల్సింది చెబుతాను. రెండు వైపుల పెద్దల్ని ఒకేసారి కూర్చోబెట్టకండి. మొదట ఒక్కో ఇంటికి వెళ్లి, జవాబు చెప్పకుండా వినండి. విన్నది ఇంకో ఇంట్లో చెప్పకండి. పల్పిట్ మీద నుంచి ఎవరికో తగిలేలా వాక్యం చెప్పడం మానేయండి. ఆ వాక్యం ఎవరికోసమో అందరికీ తెలుస్తుంది, గాయం ఇంకా పెద్దదవుతుంది. తర్వాత మధ్యవర్తిగా బయటి సంఘం నుంచి ఇద్దరూ గౌరవించే పెద్దను పిలవండి. తీర్పు ఆయన చెప్పాలి. మీరు ఇద్దరికీ ప్రార్థన చేసే మనిషిగా మిగలాలి.

చట్టం దగ్గర ఇంకొన్ని త్వరగా చెప్పేస్తాను. 1872 క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సు లేకుండా పెళ్లి జరిపిస్తే పదేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. మీకు లేకపోతే లైసెన్సున్న పాస్టర్‌ను పిలిపించి మీరు వాక్యం చెప్పండి. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాయని కాగితం చూడకుండా తేదీ ఇవ్వవద్దు. బిడ్డపై లైంగిక దాడి జరిగిందని తెలిస్తే, సంఘం పరువు అని దాచకూడదు. పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పడం తప్పనిసరి, దాచడం నేరం. ఒంటరిగా ఉన్న స్త్రీకి తలుపులు మూసి కౌన్సెలింగ్ చేయకండి, చెల్లెమ్మో ఇంకో పెద్దావిడో కనిపించే దూరంలో ఉండాలి. "క్యాన్సర్, షుగర్ స్వస్థత" అని పోస్టర్ వేయవద్దు, 1954 నుంచి అలాంటి ప్రకటనల మీద చట్టం ఉంది. ప్రార్థన చేయండి, మాత్రలు ఆపమని మాత్రం ఎన్నడూ చెప్పకండి. ఆల్‌నైట్‌లో రాత్రి పది దాటాక బయటి మైకు ఆపేయండి.

ఇంకొక మాట, యూట్యూబ్ గురించి. మీ విశ్వాసులు శనివారం రాత్రి హైదరాబాద్ పెద్ద ప్రసంగీకుడిని విని ఆదివారం మీ దగ్గరకు వస్తారు, మీరు కూడా ఆయన్ను విని మిమ్మల్ని మీరు కొలుచుకుంటారు. ఆయన గొప్ప బోధకుడే కావచ్చు. కానీ మీ ఊళ్లో పక్షవాతంతో పడి ఉన్న ముసలాయన పేరు ఆయనకు తెలియదు, మీకు తెలుసు. మీ ప్రసంగం ఇరవై నిమిషాలే ఉన్నా, వాళ్ల వారం తెలిసినవాడు చెప్పిన వాక్యం అవుతుంది.

చివరగా, మీకు కాపరి ఎవరు? మీ జిల్లా పాస్టర్స్ ఫెలోషిప్‌లో సంఖ్యలు చెప్పుకోవడమే ఎక్కువ, అక్కడ మనసు విప్పడం కష్టమని నాకు తెలుసు. వేరే మండలంలో, వీలైతే వేరే డినామినేషన్‌లో, మీ సంఘంతో ఏ సంబంధమూ లేని ఒక పెద్ద పాస్టర్‌ను వెతుక్కోండి. నెలకోసారి ఆయన దగ్గరకు వెళ్లి, ప్రసంగం గురించి కాకుండా మీ గురించి మాట్లాడండి.

వచ్చే ఆదివారం పెద్దలతో ఇలా చెప్పండి: "నాకు నాలుగు వారాల విశ్రాంతి కావాలి." ఆ ఆదివారాలకు వాక్యం చెప్పేవాళ్లను ముందే పిలిచిపెట్టండి, ఇద్దరు విశ్వాసులకు కూడా అవకాశం ఇవ్వండి. చెల్లెమ్మను, పిల్లల్ని తీసుకుని ఆమె పుట్టింటికో, ఫోన్ సరిగ్గా అందని చోటికో వెళ్లండి. తిరిగి వచ్చాక అప్పు కాగితం, సొసైటీ రిజిస్ట్రేషన్, లెక్కల పుస్తకం, ఈ వరుసలో మొదలుపెట్టండి. ఆరు నెలలకు వీటిలో కొంతైనా వేరే చేతుల్లోకి వెళ్లి, అప్పటికీ ఈ పిలుపు మీది కాదని మీకూ చెల్లెమ్మకూ ఇద్దరికీ అనిపిస్తే అప్పుడు మానేయండి. అందులో పాపం లేదు. నేను మీ పేరు పెట్టి ప్రార్థన చేస్తున్నాను. దస్తావేజు ఎవరి పేరున ఉందో, అప్పు మీద వడ్డీ ఎంతో రాస్తే ఆ రెండింటి గురించి ఇంకాస్త వివరంగా చెబుతాను.